కొక్కెం మీద చిలకాకుపచ్చ చొక్కా

ఆ రోజు పొద్దున దర్జీ తాత పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగాలి, కుట్టుమిషనుకి నూనె వెయ్యాలి, మనవరాలికి ఒక బొంత మొదలుపెట్టాలి. వీటిలో ఊరిని తలకిందులు చేసేది ఏదని ముందే అడిగి ఉంటే, ఆయన భార్య తడుముకోకుండా నూనె అనే చెప్పేది. క్రితంసారి నూనె వేసినప్పుడు ఆయన పోసిన చుక్కల కంటే ఒలకబోసింది ఎక్కువ.

దర్జీ తాత జీవితమంతా ఒకే పని చేశాడు. ఆ ఊళ్ళో ఉన్నది ఒకే బడి. ఆ బడికి ఉన్నది ఒకే యూనిఫాం, బూడిదరంగు చొక్కా, కింద ముదురు నీలం. దాన్ని కుట్టేది తాత ఒక్కడే. ఒకప్పుడు ఆయన కొలతలు తీసుకుంటుంటే కితకితలు పెట్టినట్టు మెలికలు తిరిగిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకొచ్చి, "కదలకుండా నిలబడు" అని గదమాయిస్తున్నారు. రంగుల విషయంలో తాత చదువు రెండో అక్షరంతో ఆగిపోయింది. నీలం, బూడిద. తక్కినవన్నీ ఆయన లెక్కలో పూల రంగులు. వాటితో తనకి పనిలేదని ఆయన నమ్మకం.

బడి మూసే రోజున పిల్లలందరూ పాత యూనిఫాంలు తెచ్చి తాత గుమ్మంలోని పెద్ద బుట్టలో పడేసి పోతారు. అది ఊరి అలవాటు. తాత వాటిని అప్పటికప్పుడే ముక్కలు కోసి, సెలవుల్లో బొంతలు కుట్టి, అడిగిన వాళ్ళకల్లా ఇస్తాడు. ఆ బొంతలు గట్టివి, వెచ్చనివి, ఎంత ఉతికినా చెక్కుచెదరనివి. ఒక్కటే చిక్కు. కప్పుకోగానే ఎక్కాలు గుర్తొస్తాయి.

చిక్కు మొదలైంది కూడా అక్కడే. ఇంటిల్లిపాదీ బుడంకాయ అని పిలుచుకునే మనవరాలికి ఆ ఏడాది రెండు కష్టాలు జంటగా వచ్చిపడ్డాయి. సెలవులు అవగానే దాన్ని బళ్ళో వేస్తారు. పైగా అమ్మ కడుపులో పాపాయి ఉంది కాబట్టి అమ్మ పక్క ఖాళీ చెయ్యాలి. కిటికీ దగ్గర దానికోసం కొత్త మంచం వేశారు. బుడంకాయ ఆ మంచం వైపు వెళ్ళేదే కాదు, వెళ్ళక తప్పనప్పుడు గోడ వెంట నడిచి దాన్ని తప్పించుకుని పోయేది.

"నా బంగారం కదూ, ఈ రోజు కొత్త మంచం మీద పడుకో," అని బతిమాలింది వాళ్ళ అమ్మ.

"పడుకోను."

"తాతయ్య కుట్టిన బొంత వేస్తానే. ఎంత వెచ్చగా ఉంటుందో."

"అది బడి బొంత," అంది బుడంకాయ. "పగలంతా బడి. రాత్రి కూడా బడేనా?"

పక్క గదిలో సూదిలో దారం ఎక్కిస్తున్న తాత చేతిలో దారం ఆగిపోయింది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? అమ్మ పక్క పోతోంది, ఆటలు పోతున్నాయి, చివరికి కప్పుకునే బొంతలోంచి కూడా బడి కళ్ళురిమి చూస్తోంది.  ఈ పిల్ల ఏడవకుండా, తనంతట తాను నవ్వుతూ ఆ మంచం ఎక్కాలి. దానికి రంగుల బొంత కావాలి. ఏమైనా సరే కుట్టి తీరాలి అనుకున్నాడు.

అయితే ఎవరికీ చెప్పకూడదు. పూల రంగులు తనకి కొత్త. కుదరకపోతే నలుగురిలో పరువు పోతుంది. భార్యకి అసలే చెప్పకూడదు. ఆవిడ చెవిన పడిన మాట మధ్యాహ్నానికి వీధి చివర తిరిగి, సాయంత్రానికి కొత్త చేర్పులతో ఇంటికొస్తుంది.

కాఫీ తాగి, నూనె సంగతి మరిచిపోయి, తాత ఎదురుగా ఉన్న షావుకారు బట్టల కొట్టుకి వెళ్ళాడు. వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు గానీ, చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

"బావా, ఒక గజం చిలకాకుపచ్చ చించు," అన్నాడు తాత గొంతు తగ్గించి. "ఒక గజం గులాబీ. పసుపు ఒకటి, నారింజ ఒకటి."

షావుకారు చేతిలో గజంబద్ద జారింది. "నువ్వేనా బావా అడుగుతున్నది? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పిల్లల కోసం."

"ఏ పిల్లల కోసం?"

"ఏ పిల్లలేమిటి, మన పిల్లల కోసమే," అని తాత పొట్లం చంకలో పెట్టుకుని, దొంగతనం చేసినవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ బయటపడ్డాడు. అదే ఆయన మొదటి పొరపాటు. షావుకారు ఏ సంగతైనా మరిచిపోతాడు గానీ, సగంలో ఆగిపోయిన సంగతిని మాత్రం మరిచిపోడు.

తాత ముక్కలు కోసి బల్ల మీద పరిచాడు. ఎటు తిప్పి పరిచినా ఒక్కలాగే ఉంది. గుడ్డని బల్ల మీద చూస్తే ఆయనకి ఏమీ తెలియదు. ఎప్పుడూ చొక్కాగానే చూశాడు మరి. చొక్కాగా కుట్టి, గుమ్మం బయటి కొక్కేనికి తగిలించి, రోడ్డు దాటి అవతల నిలబడి, కళ్ళు చికిలించి చూస్తేనే ఆ రంగు బాగుందో లేదో ఆయన కంటికి ఆనుతుంది. కాబట్టి ఆయనకి తెలిసిన పద్ధతిలోనే వెళ్ళాడు. ఒంటికి చిలకాకుపచ్చ, చేతులకి గులాబీ, కాలరుకి పసుపు, జేబుకి నారింజ వేసి ఒక చిన్న చొక్కా కుట్టాడు. కొక్కేనికి తగిలించాడు. అవతల నిలబడి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పూల రంగులంటే ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుని లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

ఆ కొక్కెం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఏటా సెలవుల్లో బడి హెడ్మిస్ట్రెస్ తాత దగ్గరికి వచ్చి, యూనిఫాంలో ఆ ఏటి మార్పు ఏమిటో చెప్పి వెళుతుంది. ఒక ఏడు కాలరు గుండ్రంగా ఉంటుంది, ఇంకో ఏడు జేబుకి మూత వస్తుంది. తాత దాని మచ్చు కుట్టి కొక్కేనికి తగిలిస్తాడు. బడి వాళ్ళు వేరే చాటింపు వెయ్యరు, చీటీలు పంచరు. కొక్కెం మీద ఏముంటే అదే యూనిఫాం. ఈ ఏడు హెడ్మిస్ట్రెస్ "మార్పేమీ లేదు" అని తాతకి చెప్పి, సెలవులకి వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది. మార్పు లేదు కాబట్టి మచ్చు అక్కర్లేదు, మచ్చు అక్కర్లేదు కాబట్టి కొక్కెం ఖాళీ అని తాత లెక్క. ఆ లెక్క ఆయన తలలోనే ఉండిపోయింది. కొక్కెం మాత్రం వీధిలో ఉంది.

మొదట చూసింది కవలల తల్లి. యూనిఫాంలు అందరికంటే ముందు కుట్టించుకోవడం ఆవిడకి పట్టుదల. ఆవిడ చొక్కాని చూసి, వెనక్కి నాలుగడుగులు వేసి, మళ్ళీ చూసి, కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"తాతగారూ! ఇదేనా?"

తాత నోట్లో గుండుసూదులున్నాయి. "ఊఁ," అన్నాడు.

"ఇన్ని రంగులా!"

తాత సూదులు ఒక పక్కకి నెట్టుకుని, "పిల్లల మనసు బాగుంటుందని," అన్నాడు. ఈవిడకి ఎలా తెలిసిపోయిందా అని లోపల గుబులు పట్టుకుంది.

"ఖాయమేనా మరి?"

"జేబు నాకు నచ్చలేదు. రేపు మారుస్తాను. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండమ్మా."

ఆవిడ మాట ఇచ్చింది. పది మందికి మాత్రమే చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒక్కొక్కరి దగ్గరా మాట తీసుకుంది.

మర్నాడు నారింజ జేబు పోయి, పాత చీర ముక్కతో వంకాయరంగు జేబు వచ్చింది. రోడ్డవతల జనం గుమిగూడారు. అప్పటికే నారింజ గుడ్డ కొన్నవాళ్ళు లబోదిబోమన్నారు. ఇన్నేళ్ళ బూడిదరంగుకి ఇదేం పోయేకాలమని కొందరు చెవులు కొరుక్కున్నారు. పిల్లలు రోడ్డు దాటుతుంటే బండ్ల వాళ్ళకి దూరం నుంచే కనిపించాలని ఈ ఏర్పాటట అని ఒకాయన తేల్చాడు. కాదు, రంగులు చూస్తే లెక్కలు బాగా వస్తాయట అంది ఒకావిడ. హెడ్మిస్ట్రెస్ ఈ మాట తనతో స్వయంగా అన్నదని కూడా చెప్పింది. ఆ హెడ్మిస్ట్రెస్ ఊళ్ళో లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

షావుకారు కొక్కెం వంక చూశాడు. తాత కొన్న నాలుగు గజాలూ కళ్ళ ముందు మెదిలాయి. "మన పిల్లల కోసమే అన్నాడు! బావ మనసులో మాట బయటపెట్టకుండానే నాకు ఉప్పందించాడు," అని పొంగిపోయాడు. ఆ రోజే కొట్లో ఉన్న బూడిద, నీలం తానులన్నీ దూరపు ఊళ్ళో ఇంకో వ్యాపారికి అంటగట్టి, వాటి బదులు పూల రంగుల తానులు దింపుకున్నాడు. కొట్టు ముందు నిలబెట్టిన బొమ్మకి చిలకాకుపచ్చ చొక్కా తొడిగాడు. ఆ బొమ్మ కూడా కాస్త బిత్తరపోయినట్టే కనిపించింది.

ఇక కొలతల కాలం వచ్చింది. తాత లోపల గడియ వేసుకుని ఉంటే, కొలతలు తీసి, గుడ్డ కట్టలు అందుకుని అలమారాలో పెట్టేది ఆయన భార్యే. ఏటా జరిగే పనే అది. ఆవిడకీ ఈ రంగుల సంగతి వింతగానే ఉంది. కానీ తెలియదు అన్న మాట ఆవిడ నోట ఎన్నడూ వచ్చి ఎరగదు. భర్తని అడుగుదామా అంటే, పనిలో ఉన్నప్పుడు అడిగితే ఆయన కయ్యిమని లేస్తాడు.

డ్రిల్లు మాస్టారు వచ్చాడు. ఆ బళ్ళో పంతుళ్ళు కూడా పిల్లల చొక్కా గుడ్డే వేసుకోవాలని నియమం. ఆయన మీసం చూస్తే పెద్ద తరగతి పిల్లలే నీళ్ళు నములుతారు. ఆ మీసం ఆ రోజు కాస్త వాలి ఉంది.

"పిన్నిగారూ, చేతులు... నాకు కూడా గులాబీయేనాండీ?"

"అందరికీ ఒకటే న్యాయం కదా నాయనా."

"వంకాయ జేబు కూడానా?"

"జేబు లేకపోతే చొక్కా ఎలా అవుతుంది?" అందావిడ, చాలా తెలిసినదానిలా.

డ్రిల్లు మాస్టారు బరువుగా నిట్టూర్చి కట్ట అప్పగించాడు. అయినా ఆయనకి నమ్మకం చిక్కలేదు. తాత ఆలస్యం చేస్తే తొలిరోజు తాను నియమం తప్పినట్టు అవుతుందని, ఇంట్లో భార్య చేత ఇంకో చొక్కా కుట్టించుకున్నాడు.

ఇక్కడిదాకా తప్పు కొక్కేనిది. ఇక్కడి నుంచి మాత్రం తప్పంతా తాత మంచితనానిదే.

చొక్కాగా నాలుగు రంగులూ కుదిరాయని తృప్తిపడి, బొంత మొదలుపెట్టాక ఆయనకి గుడ్డ చాలలేదు. కొత్త మంచం తాను అనుకున్నదానికంటే పొడుగు. ఎలాగరా అనుకుంటూ, యూనిఫాం పని కూడా దగ్గర పడుతోందని గుర్తొచ్చి, అలమారా తెరిచి ఒక కట్ట విప్పాడు. చిలకాకుపచ్చ! ఇంకోటి విప్పాడు. గులాబీ! మూడోదాంట్లో పసుపు, నాలుగోదాంట్లో మళ్ళీ చిలకాకుపచ్చ. తాత నాలుగు కట్టలూ మార్చి మార్చి చూశాడు. కుర్చీలో కూలబడి భార్యని పిలిచాడు.

"ఏమే, ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిపోయిందా?"

"తెలియకుండా ఎలా ఉంటుందండీ? వీధిలో వేలాడదీసి మరీ చూపించారుగా."

"ఇవన్నీ వాళ్ళంతట వాళ్ళే తెచ్చిచ్చారా?"

"నేనేమన్నా ఇంటింటికీ తిరిగి అడిగానా? కవలల తల్లి రెండు కట్టలిచ్చింది. డ్రిల్లు మాస్టారైతే పాపం, మనసు కష్టపెట్టుకునే ఇచ్చాడు."

 తన మనవరాలు ఒంటరిగా పడుకోవడానికి భయపడుతోందని తెలిసి, ఊరు ఊరంతా కదిలి రంగు గుడ్డలు తెచ్చి ఇచ్చిందే! అంత మీసమున్న డ్రిల్లు మాస్టారు కూడా మనసు కష్టపెట్టుకున్నాడే! ఇలాంటి మనుషుల మధ్య ఉంటూ, పరువు పోతుందని తలుపులు బిడాయించుకుని కూర్చున్నందుకు ఆయనకి సిగ్గు వేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరి గుడ్డ వాడకపోయినా వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఏ ఒక్కరినీ వదలకుండా, ప్రతి కట్ట లోంచీ నడిమధ్య జానెడు ముక్క కత్తిరించి తీసుకున్నాడు. నడిమధ్యనే ఎందుకంటే, గుడ్డలో అంచు కంటే నడుమ బాగుంటుంది. మంచి మనసుతో ఇచ్చినవాళ్ళ గుడ్డలో మంచి ముక్కే తీసుకోవాలి కదా.

మర్నాడు వీధిలో కవలల తల్లి కనబడితే తాత రెండు చేతులూ పట్టుకున్నంత పని చేశాడు.

"మీ మేలు మరిచిపోలేనమ్మా. మీరిచ్చిన గులాబీ సరిగ్గా మధ్యలో పెట్టాను."

"మధ్యలోనా?" అందావిడ, చేతులు మధ్యలోకి ఎలా వచ్చాయో అర్థంకాక. "చూసేవాళ్ళకి బాగానే ఉంటుందంటారా?"

"ఎవరో చూడటానికి కాదమ్మా. అది కప్పుకుని హాయిగా నిద్రపోతే చాలు."

బళ్ళో నిద్రపోవడాన్ని తాత ఇంత మెచ్చుకుంటాడని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. చదువులు ఎటు పోతున్నాయో అనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు హెడ్మిస్ట్రెస్ బస్సు దిగింది. ఆవిడ సామాను అందుకోవడానికి డ్రిల్లు మాస్టారు ఎప్పటిలా బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. చిలకాకుపచ్చ ఒళ్ళు, గులాబీ చేతులు, పసుపు కాలరు, వంకాయ జేబు. మీసం మాత్రం పాతదే. హెడ్మిస్ట్రెస్ మెట్టు మీదే ఆగిపోయింది. దిగాల్సిన ఊరు ఇదేనా అని కండక్టరుని అడిగింది.

"ఏమిటి మాస్టారూ ఇది?"

"మీ ఆజ్ఞే కదండీ," అన్నాడు డ్రిల్లు మాస్టారు, ముల్లు గుచ్చుకున్నవాడిలా.

పావుగంటలో తాత గుమ్మం ముందు ఊరంతా ఉంది. ముందు హెడ్మిస్ట్రెస్, పక్కన షావుకారు, వెనక తల్లిదండ్రులు, ఆ వెనక ఎవరూ తనని చూడకుండా గొడుగు అడ్డం పెట్టుకుని డ్రిల్లు మాస్టారు.

"తాతగారూ, మార్పేమీ లేదని నేను చెప్పి వెళ్ళానా లేదా?" అంది హెడ్మిస్ట్రెస్.

"చెప్పారమ్మా. అందుకే నేను మచ్చు కుట్టలేదు."

"మరి కొక్కెం మీద వేలాడుతున్నది ఏమిటి?"

తాత చొక్కా వంక చూశాడు. జనం వంక చూశాడు. జనం కొక్కెం వంక చూస్తున్నారు. ఇన్నాళ్ళకి మొదటిసారి, రోడ్డవతల నిలబడితే ఆ కొక్కెం వీళ్ళందరికీ ఎలా కనబడుతుందో ఆయనకి అర్థమైంది. 

"అయితే... ఆ కట్టలు... మీరు మా బుడంకాయ కోసం ఇవ్వలేదా?"

"బుడంకాయ కోసమా?" అంది కవలల తల్లి. "మా పిల్లల చొక్కాలకి ఇచ్చాం తాతగారూ!"

 తాత లోపలికి వెళ్ళి, ఒక్కొక్క కట్టా తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పి పట్టుకుంటే ప్రతి గుడ్డకీ నడిమధ్యన చక్కగా కత్తిరించిన ఒక కిటికీ. కవలల తల్లి తన కిటికీలోంచి షావుకారు మొహం చూసింది. ఎవరికి వాళ్ళు ఒంటికాలి మీద లేచారు. షావుకారు నెత్తి పట్టుకున్నాడు. ఆ గోలలో తాత భార్య ఒక్కతే ధైర్యంగా ముందుకొచ్చి, "నాకు ముందే తెలుసు," అంది. అది ఎవరికీ ఉపయోగపడలేదు.

తాత కుట్టు ముగిసిన బొంతని రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. తప్పు చేసిన పిల్లవాడు బల్ల దగ్గర నిలబడ్డట్టే హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడ్డాడు.

"దానికి పాపం అమ్మ పక్క పోతోందమ్మా," అన్నాడు. "బొంత ఇస్తామంటే, పగలంతా బడి, రాత్రి కూడా బడేనా అని అడిగింది.  నాకు వచ్చిన రంగులు రెండే. మిగతావి నేర్చుకుందామనుకున్నాను. మీరందరూ దాని కోసమే ఇచ్చారని మురిసిపోయాను. ముసలివాణ్ణి, క్షమించండి. అన్నీ నేనే మళ్ళీ కొనిస్తాను."

గోల సద్దుమణిగింది. కవలల తల్లి బొంతలో తన గులాబీ ముక్క వెతుక్కుంది. నిజంగానే సరిగ్గా మధ్యలో ఉంది. ఆవిడ కోపం అక్కడితో దిగిపోయింది గానీ, అందరి ముందు దించుకోవడం ఇష్టంలేక మొహం మాత్రం అలాగే పెట్టుకుంది.  రాత్రి కూడా బడేనా అన్న మాట హెడ్మిస్ట్రెస్‌కి ఎక్కడో తగిలింది. ఆవిడ ఏళ్ళ తరబడి ప్రతి రాత్రీ తాత ఇచ్చిన బూడిదరంగు బొంతే కప్పుకుంటోంది మరి.

"షావుకారుగారూ, బూడిదరంగు ఎంత ఉంది?" అని అడిగింది చివరికి.

"జేబురుమాలుకి కూడా లేదండీ."

"పాత యూనిఫాంలు?"

అందరూ గుమ్మంలోని బుట్ట వంక చూశారు. అవన్నీ బడి మూసిన వారానికే ముక్కలైపోయాయి.

"గొడుగు దించండి మాస్టారూ," అంది హెడ్మిస్ట్రెస్. డ్రిల్లు మాస్టారు భయపడుతూ దించాడు. ఆవిడ ఆయన్ని ఆపాదమస్తకం చూసింది. "ఫరవాలేదు. మీరు మొదటిసారి మనుషుల్లో కలిసేలా ఉన్నారు. ఈ ఏడాదికి ఇదే యూనిఫాం. కిటికీలున్న చోట వేరే రంగు అతికించండి. ఎవరి చొక్కాకి ఏ రంగు అతుకు పడితే అది." అని, ఇది తాను మొదటి నుంచీ అనుకున్నదే అన్నట్టు తలెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రెండు రోజులూ ఊళ్ళో మిషను ఉన్న ప్రతి ఇల్లూ టకటకలాడింది. బడి తెరిచిన రోజు పిల్లలు వీధి పొడుగునా చిలకాకుపచ్చగా, గులాబీగా, వీపు మీద పసుపు అతుకులతో, కడుపు మీద వంకాయ అతుకులతో కేరింతలు కొడుతూ వెళ్ళారు. బుడంకాయ కూడా తాత చెయ్యి పట్టుకుని, అచ్చం అలాంటి చొక్కాలోనే వెళ్ళింది.  గేటు దగ్గర మాత్రం తాత వేలు వదలడానికి చాలాసేపు పట్టింది. తాత అక్కడ చెట్టు చాటున నిలబడి గంట కొట్టేదాకా కదలలేదు. సాయంత్రం ఇది నవ్వుతుంది, బొంత చూపిస్తే నవ్వుతుంది అని తనకి తాను చెప్పుకుంటూ ఇంటికొచ్చాడు.

సాయంత్రానికి కొత్త మంచం మీద బొంత పరిచి ఉంది. తాత, భార్య, కోడలు ముగ్గురూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. బుడంకాయ సంచీ కింద పడేసి మంచం దగ్గరికి వెళ్ళింది. బొంతని చూసింది. తన చొక్కా చెయ్యి చూసుకుంది. మళ్ళీ బొంతని చూసింది.

"తాతయ్యా," అంది, "ఇది బడి బొంత."

తాత అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికో ఏడుపాపుకోవడానికో తెలియదు. "అవునురా తల్లీ," అన్నాడు తాత ఓడిపోయిన గొంతుతో. "బడి బొంతే అయిపోయింది. నా చేతికి ఏది తగిలినా బడే అవుతుంది కాబోలు."

బుడంకాయకి తాత మొహం అలా చూడటం నచ్చలేదు. గుమ్మంలోని బుట్ట దగ్గరికి వెళ్ళి, తల లోపలికి దూర్చి, చిన్న చేతుల్లో పట్టినన్ని ముక్కలు తెచ్చి ఆయన ఒళ్ళో పోసింది. అన్నీ బూడిద, ముదురు నీలం.

"ఇవి బళ్ళో ఎవరికీ లేవు," అంది. "నేను చూశాను. టీచరుకి కూడా లేవు. వీటితో కుట్టు. ఇవి మన ఇంటి రంగులు."

తాత ఆ ముక్కల్ని చూశాడు.  "సరే," అన్నాడు.

"దానికి జేబు కూడా పెట్టు. చెయ్యి పెట్టుకోవడానికి."

"పెడతాను."

"మరి ఈ రంగులది ఏం చేస్తావే?" అని అడిగింది నానమ్మ.

 బుడంకాయ అమ్మ పొట్ట వంక చూసింది. ఇన్నాళ్ళుగా అది ఆ పొట్టతో మాట్లాడటం మానేసి ఉంది. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి, రంగుల బొంత అంచు ఒకటి లాగి దాని మీద కప్పింది. "పాపాయికి ఇచ్చెయ్. దానికి ఇంకా బడి లేదుగా."

కోడలు ఇక నవ్వలేదు. వంగి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. తాత వెతకాల్సిన అవసరం లేకపోయినా సూది కోసం గదంతా వెతికాడు.

నీలం, బూడిద బొంత తాత కళ్ళు మూసుకుని కుట్టేశాడు. ముక్క పక్కన ముక్క తమ చోటు తామే వెతుక్కున్నట్టు కుదిరాయి. నడుమ ఒక జేబు, దానికి ఒక గుండీ. ఆ బొంత పరిచిన రోజు బుడంకాయ తనంతట తాను మంచం ఎక్కింది, జేబులో చెయ్యి పెట్టుకుంది, కథ కూడా అడగకుండా నిద్రపోయింది. తాత కాసేపు గుమ్మంలో నిలబడి చూశాడు. తనకి ఇంకే రంగూ రాకపోయినా ఫరవాలేదనిపించింది.

ఆ కొక్కేనికి ఈ జన్మలో ఏదీ తగిలించనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. కానీ ఆ ఒట్టు బుడంకాయ పెట్టుకోలేదు. ఒక రోజు పొద్దున పాలు ఒలికాయని బొంత తడిపి, ముక్కాలి పీట వేసుకుని, దాన్ని చక్కగా ఎండకి కొక్కేనికి తగిలించి బడికి పోయింది. కాసేపటికి కవలల తల్లి అటుగా వచ్చింది. బూడిద, నీలం, జేబు, దానికి గుండీ. ఈసారి ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి ఎవర్నీ ఏమీ అడగలేదు.

సాయంత్రానికి షావుకారు కొట్టు ముందు బూడిదరంగు తానులు దిగాయి.